పాత మిల్లింగ్ మిషన్‌కు కొత్త సీఎన్‌సీ కంట్రోలర్: విప్పడం నుంచి మొదటి జాబ్ దాకా

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఇప్పటికీ ఇలాంటి మిషన్లు కనిపిస్తాయి. ఇనుము దిట్టంగా ఉంటుంది, స్పిండిల్ బాగానే తిరుగుతుంది, ప్రోగ్రామ్ చదివి మోటార్లను నడిపే సీఎన్‌సీ (కంప్యూటర్) కంట్రోలర్ మాత్రం చనిపోయి ఉంటుంది. దాన్ని మార్చడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి పనిని వరుసక్రమంలో రాస్తున్నాను.

ఇక్కడ తీసుకున్నది మూడు యాక్సిస్‌ల (ఎక్స్, వై, జెడ్ దిశల) వర్టికల్ మిల్లింగ్ మిషన్: 40 నంబరు టేపర్ స్పిండిల్, బాల్‌స్క్రూలు (నట్‌లో గోళీలున్న స్క్రూలు, టేబుల్‌ను జరిపేవి ఇవే), పాత డీసీ సర్వో మోటార్లు. మీది చేత్తో తిప్పే మామూలు మిల్లింగ్ మిషన్ అయితే వేరే సంగతి. దానికి ముందు బాల్‌స్క్రూలు బిగించాలి, ఖర్చులో పెద్ద భాగం అక్కడే అవుతుంది. ఆ పని పూర్తయ్యాక 3వ అంచె నుంచి చదవండి.

1. ముందు ఇనుము చూడండి

కంట్రోలర్ కేటలాగు తెరిచేముందు డయల్ స్టాండు తీయండి. బెడ్ అరిగిపోయిన మిషన్‌కు కొత్త కంట్రోలర్ పెడితే తెర మీద మూడు దశాంశాల అంకె చక్కగా కనిపిస్తుంది, జాబ్ మాత్రం రిజెక్ట్ అవుతుంది.

స్పిండిల్‌తో మొదలుపెట్టండి. టేపర్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి, టెస్ట్ మాండ్రెల్ బిగించి, లివర్ డయల్ పెట్టి చేత్తో తిప్పండి. ముక్కు దగ్గర 0.01 మి.మీ., 300 మి.మీ. కింద 0.02 మి.మీ. లోపు ఊగితే మంచి స్థితిలో ఉన్నట్టే. అంతకంటే బాగా ఎక్కువ వస్తే బేరింగ్ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

తర్వాత స్లైడ్‌వేలు. టేబుల్‌ను మధ్యలో ఉంచి జిబ్‌ను (స్లైడ్ వదులును సర్దే పట్టీని) సరిగ్గా బిగించండి, ఆపైన రెండు చివరలకూ జరపండి. మధ్యలో తేలిగ్గా జరిగి చివరల్లో బిగిసిపోతే బెడ్ మధ్యభాగం అరిగిందన్నమాట. రోజూ పని జరిగేది అక్కడే కాబట్టి అరుగుదలా అక్కడే ఉంటుంది. దానికి మందు స్క్రేపింగో గ్రైండింగో తప్ప సాఫ్ట్‌వేర్ కాదు.

ఇక అసలైనది, ప్లే (బ్యాక్‌లాష్): దిశ మార్చినప్పుడు స్క్రూ తిరిగినా టేబుల్ కదలని వదులు. కంట్రోలర్ పని చేయకపోయినా దీన్ని కొలవొచ్చు. డయల్‌ను టేబుల్‌కు ఆనించి, స్క్రూ మీది పుల్లీని చేత్తో ఒకవైపు తిప్పండి. సూది కదిలాక ఆపి, పుల్లీ మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఇప్పుడు వెనక్కి తిప్పుతూ సూది మళ్లీ కదలడం మొదలైన చోట ఇంకో గీత పెట్టండి. స్క్రూ పిచ్ 5 మి.మీ., పుల్లీ వ్యాసం 100 మి.మీ. అనుకుంటే అంచు మీద 1 మి.మీ. దూరం టేబుల్ దగ్గర దాదాపు 0.016 మి.మీ.తో సమానం. గీతల మధ్య 2 మి.మీ. ఉంటే 0.03 మి.మీ. ప్లే ఉన్నట్టు.

ఆ ప్లే ఎక్కడిదో తేల్చకుండా బాల్‌స్క్రూ కొనకండి. చాలాసార్లు తప్పు స్క్రూది కాదు, దాని చివర ఉన్న థ్రస్ట్ బేరింగ్‌ది. తేల్చుకోవడానికి ఫిట్టర్లు వాడే పాత పద్ధతి ఒకటుంది. స్క్రూ చివర సెంటర్ గుంటలో కాస్త గ్రీజు రాసి చిన్న బేరింగ్ గోళీ అంటించండి. డయల్ చదును మొనను ఆ గోళీకి ఆనించి, పుల్లీని రెండువైపులా తిప్పండి. స్క్రూ ముందుకూ వెనక్కీ జరిగితే సూది చెబుతుంది. అంటే బేరింగ్ లాక్‌నట్ వదులైంది, లేదా బేరింగ్ అరిగింది. గోళీ కదలకుండా టేబుల్ దగ్గర మాత్రం ప్లే వస్తుంటే నట్‌నో, నట్ బ్రాకెట్ బోల్టులనో అనుమానించాలి. బోల్టులతోనే మొదలుపెట్టండి, పైసా ఖర్చు లేదు.

నా లెక్క ఇది: మొత్తం ప్లే 0.02 మి.మీ. లోపుంటే ముందుకెళ్లండి. 0.05 దాటితే ముందు అది సరిచేయండి. "కంట్రోలర్‌లో బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ వేస్తే సరిపోతుందిగా" అనే మాట నమ్మొద్దు. క్లైంబ్ మిల్లింగ్‌లో (కట్టర్ తిరిగే వైపుకే జాబ్ కదిలే పద్ధతిలో) కట్టరే టేబుల్‌ను తనవైపు లాగేసుకుంటుంది. ప్లే ఉన్నంత మేర టేబుల్ ఒక్కసారిగా దూకుతుంది, ఇన్సర్ట్ విరుగుతుంది. ఆ దూకుడును ఏ కాంపెన్సేషనూ ఆపలేదు.

చివరగా లూబ్రికేషన్. పంపు నొక్కి, ప్రతి స్లైడ్‌వేకీ, ప్రతి నట్‌కూ నూనె చేరుతోందో లేదో ఒక్కో పైపూ విప్పి చూడండి. మూసుకుపోయిన మీటరింగ్ యూనిట్లు (నూనెను కొలిచి వదిలే ముక్కలు) మార్చేయండి. స్లైడ్‌వే నూనెగా 68 గ్రేడ్ వాడండి, హైడ్రాలిక్ నూనె పోయకండి.

2. విప్పకముందు రాసుకోవాల్సినవి

పాత కంట్రోలర్ కొనఊపిరితో ఉన్నా సరే, దానిలోని సమాచారం మీకు కావాలి. పరామీటర్లు బ్యాటరీ మీద నిలిచే మెమరీలో ఉంటాయి. బ్యాటరీ మార్చాల్సొస్తే పవర్ ఆన్‌లో ఉంచే మార్చాలి, ఆపి మార్చితే అన్నీ చెరిగిపోతాయి. సీరియల్ పోర్టుతో బ్యాకప్ రాకపోతే ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

రాసుకోవాల్సినవి:

- ప్రతి యాక్సిస్ స్క్రూ పిచ్, బెల్ట్ పుల్లీల పళ్ల సంఖ్య
- ట్రావెల్, ర్యాపిడ్ వేగం (కోత లేకుండా కదిలే గరిష్ఠ వేగం), హోమ్ స్విచ్ (యాక్సిస్ మొదలు చోటు చెప్పేది) ఉన్న చోటు
- ఎం కోడ్‌ల (స్పిండిల్, కూలెంట్ లాంటివి ఆన్, ఆఫ్ చేసే ఆజ్ఞల) జాబితా, ఏది ఏ రిలేను ఆన్ చేస్తుందో
- స్పిండిల్ గేర్ మార్పు, టూల్ క్లాంప్, టూల్ ఛేంజర్ ఉంటే దాని వరుసక్రమం, ఏ సెన్సర్ వచ్చాక ఏది కదులుతుందో
- ప్రతి తీగ నంబరు. నంబరు లేకపోతే మీరే ఫెర్రూల్ (తీగకు తొడిగే నంబరు గొట్టం) వేయండి
- మోటార్ ప్లేట్ల ఫొటోలు

టూల్ ఛేంజర్ ఉన్న మిషన్‌లో లాడర్ కాగితాలు (రిలేల తర్కం గీసిన డ్రాయింగులు) దొరికితే భద్రంగా దాచుకోండి. దాని వరుసను మళ్లీ మొదటినుంచీ కనిపెట్టడం మొత్తం రెట్రోఫిట్‌లోకెల్లా (పాత మిషన్‌కు కొత్త కంట్రోలర్ వేసే ఈ పనిలోకెల్లా) విసుగు పుట్టించే పని.

విప్పిన పాత బోర్డులు తుక్కుకు వేయొద్దు. అదే కంట్రోలర్‌తో ఇంకా నడుస్తున్న షెడ్లకు అవి స్పేర్లు. పని చేసే సర్వో బోర్డు, డిస్‌ప్లే అమ్మితే కొత్త ప్యానెల్ సామాను కొంతైనా వస్తుంది.

3. కంట్రోలర్ ఎంపిక

మూడు దారులున్నాయి.

మొదటిది, సీమెన్స్ 808డి, 828డి, ఫానక్ 0ఐ లాంటి పూర్తి ప్యాకేజీ. కంట్రోలర్, డ్రైవ్‌లు, మోటార్లు ఒకే కంపెనీవి వస్తాయి. రోజుకు మూడు షిఫ్టులు నడిచే మిషన్‌కు, ఆపరేటర్లు తరచూ మారే చోటుకు ఇదే సరైనది. ఖరీదు ఎక్కువే, కానీ మిషన్ ఆగితే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది.

రెండోది, చైనా స్టాండలోన్ కంట్రోలర్లు. తక్కువలో అయిపోతుంది. మాన్యువల్ ముందే తెప్పించుకుని చదవండి. రిజిడ్ ట్యాపింగ్ (స్పిండిల్ తిరుగుడుకు జెడ్ కదలికను జతచేసి మర కోయడం), పిచ్ ఎర్రర్ కాంపెన్సేషన్ (స్క్రూ పిచ్ తేడాల సర్దుబాటు), మీకు సరిపడా ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్‌లు ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి.

మూడోది లినక్స్‌సీఎన్‌సీ. ఉచిత సాఫ్ట్‌వేర్. పీసీలో రియల్‌టైమ్ కెర్నెల్‌తో (పనిని కచ్చితంగా సమయానికి చేసే లినక్స్‌తో) నడుస్తుంది, మీసా కంపెనీ కార్డు ద్వారా మిషన్‌తో మాట్లాడుతుంది. చిన్న షెడ్డులో ఓపిగ్గా చదివి, వైరు పట్టుకుని వెతకగలిగే మనిషి ఒకరుంటే నేను దీనికే ఓటేస్తాను. అలాంటి మనిషి లేకపోతే వద్దు. ఉచితం అనుకుని దిగి, మిషన్‌ను నెలల తరబడి మూల పెట్టుకున్నవాళ్లున్నారు. ఇక్కడినుంచి ఉదాహరణలన్నీ దీని మీదే, అయినా వరుస మాత్రం ఏ కంట్రోలర్‌కైనా ఇంతే.

ఏ కార్డు కొనాలన్నది మోటార్లను బట్టి ఉంటుంది. పాత డీసీ మోటార్లు, వాటి డ్రైవ్‌లు ఆరోగ్యంగా ఉండి, డ్రైవ్ ప్లస్ మైనస్ 10 వోల్టుల ఆజ్ఞ తీసుకునే రకమైతే అవి ఉంచేసుకోవచ్చు. దానికి మీసా 7ఐ97టీ కార్డు సరిపోతుంది, ఆరు అనలాగ్ అవుట్‌పుట్‌లు, ఆరు ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టే పరికరం) ఇన్‌పుట్‌లు ఉంటాయి. కొత్త ఏసీ సర్వోలకు స్టెప్, డైరెక్షన్ (ఎంత, ఎటు కదలాలో చెప్పే) పల్సులతో వెళ్లేట్టయితే 7ఐ76ఇ. దీనికి ఐదు యాక్సిస్‌ల పల్సులు, 32 ఇన్‌పుట్‌లు, 16 అవుట్‌పుట్‌లు ఉన్నాయి.

పారలల్ పోర్టుతో (పీసీ పాత ప్రింటర్ పోర్టుతో) సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లు ఈ చిన్న లెక్క చేసి చూడండి. పిచ్ 5 మి.మీ., మోటార్ ఒక చుట్టుకు 10,000 పల్సులు అంటే మి.మీ.కు 2,000 పల్సులు. ర్యాపిడ్ నిమిషానికి 8 మీటర్లు, అంటే సెకనుకు 133 మి.మీ. పైన. సెకనుకు దాదాపు 2,67,000 పల్సులు కావాలి. పారలల్ పోర్టు అంత దూరం రాదు. మీసా కార్డుకు ఇది లెక్కలోకే రాదు.

4. మోటార్ లెక్క

పాత డీసీ మోటార్ ఉంచాలనుకుంటే కార్బన్ బ్రష్‌లు తీసి పొడవు చూడండి, కమ్యుటేటర్ మీద గాడి పడిందేమో చూడండి, లోపలికి కూలెంట్ చేరిందేమో చూడండి. ఫీడ్‌బ్యాక్‌గా ఎన్‌కోడర్ కాకుండా రిజాల్వర్ (అనలాగ్ సిగ్నల్‌తో కోణం చెప్పేది) ఉంటే అది నేరుగా ఈ కార్డులకు పనికిరాదు, ఎన్‌కోడర్ బిగించాల్సి వస్తుంది. డ్రైవ్ వేగాన్ని పట్టుకోవడానికి టాకో (వేగానికి తగ్గ వోల్టేజీ ఇచ్చే చిన్న జనరేటర్) వాడుతుంటే దాన్ని కదపకండి.

కొత్త మోటార్ ఎంచుకునేటప్పుడు తోపుడు బలం లెక్క వేయండి. టార్క్‌ను 6.28తో, సామర్థ్యం 0.9తో గుణించి, పిచ్‌తో (మీటర్లలో) భాగించాలి. 750 వాట్ల సర్వో రేటెడ్ టార్క్ 2.39 న్యూటన్ మీటర్లు, వేగం 3,000 ఆర్‌పీఎం. 5 మి.మీ. పిచ్ స్క్రూకు నేరుగా బిగిస్తే దాదాపు 2,700 న్యూటన్లు వస్తుంది. 2:1 బెల్ట్ పెడితే 5,400 న్యూటన్లు, ర్యాపిడ్ మాత్రం నిమిషానికి 7.5 మీటర్లకు పరిమితం. పాత బాక్స్‌వే (చదును స్లైడ్‌వేల) మిషన్‌ను అంతకంటే వేగంగా పరిగెత్తించాల్సిన అవసరం లేదు కాబట్టి నేనైతే బెల్ట్ వైపే మొగ్గుతాను. లోడ్ ఇనర్షియా కూడా మోటార్‌కు నాలుగో వంతే కనిపిస్తుంది, ట్యూనింగ్ తేలికవుతుంది.

సర్వో ఎన్‌కోడర్ 17 బిట్‌లదైతే చుట్టుకు 1,31,072 గుర్తులు. అన్నీ కంట్రోలర్‌కు అవసరం లేదు. డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్‌తో చుట్టుకు 10,000 పల్సులకు పెట్టుకోండి.

5. జెడ్ యాక్సిస్ జాగ్రత్త

దీన్ని విడిగా రాయడానికి కారణం ఒక్కటే: ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చే చోటు ఇది.

జెడ్ మోటార్ విప్పకముందు తల కింద చెక్క దిమ్మె గానీ జాకీ గానీ పెట్టి, బరువు పూర్తిగా దాని మీద పడేలా దించండి. కౌంటర్‌వెయిట్ ఉన్న మిషన్లలో ప్రమాదం రెండువైపులా ఉంటుంది. తల తేలికైతే బరువు కిందికి పడుతుంది, గొలుసు తెగితే తల పడుతుంది. రెండింటినీ విడివిడిగా ఆపాలి.

కౌంటర్‌వెయిట్ లేకపోతే జెడ్‌కు బ్రేక్ ఉన్న మోటారే కొనండి. బ్రేక్ కాయిల్‌ను కంట్రోలర్‌తో కాకుండా డ్రైవ్ ఇచ్చే బ్రేక్ అవుట్‌పుట్‌తో, రిలే ద్వారా నడపండి. మోటార్ బరువును పట్టుకున్నాకే బ్రేక్ వదలాలి. ఆపేటప్పుడు బ్రేక్ పట్టుకునేదాకా మోటార్ వదలకూడదు. ఈ ఆలస్యానికి డ్రైవ్‌లో ఒక పరామీటర్ ఉంటుంది, సున్నాగా వదిలేయొద్దు.

పరీక్ష (9వ అంచెలో బెల్టులు బిగించాక): తలకు ఆనకుండా కింద దిమ్మె ఉంచి, డయల్ ఆనించి, ఎమర్జెన్సీ నొక్కండి. సూది కొద్దిగా కదిలి ఆగితే సరే. జారుతూనే ఉంటే ముందుకెళ్లొద్దు.

6. ప్యానెల్, వైరింగ్

పాత డ్రైవ్‌ల మీద చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపి తాళం వేయండి. డ్రైవ్ మీది ఛార్జ్ లైటు ఆరేదాకా ఆగండి. లైటు ఆరినా మీటర్‌తో డీసీ వోల్టేజీ చూశాకే ముట్టుకోండి.

మన సప్లయ్ 415 వోల్టుల త్రీ ఫేజ్. చాలా సర్వో డ్రైవ్‌లకు కావాల్సింది 200 నుంచి 230 వోల్టులు. పాత మిషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని సెకండరీ వోల్టేజీ, కేవీఏ చూసి వాడుకోండి. 220 వోల్టుల డ్రైవ్‌కు పొరపాటున 415 ఇస్తే అది క్షణంలో పోతుంది, వారంటీ కూడా రాదు. అందుకే డ్రైవ్ టెర్మినల్ ఊడదీసి ఉంచి, ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ మీటర్‌తో చూసి, ఆ తర్వాతే తగిలించండి.

తర్వాత నాయిస్, అంటే సిగ్నల్ తీగల్లోకి చొరబడే విద్యుత్ అలజడి. రెట్రోఫిట్లలో అంతు చిక్కని తలనొప్పులు ఎక్కువ భాగం ఇక్కడివే.

- మోటార్ పవర్ తీగలు ఒక డక్ట్‌లో, ఎన్‌కోడర్, 24 వోల్టుల సిగ్నల్ తీగలు ఇంకో డక్ట్‌లో వేయండి. దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.
- ఎర్తింగ్ అంతా ఒక రాగి పట్టీ దగ్గర కలవాలి. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు గొలుసులా వేయకండి.
- వీఎఫ్‌డీ (స్పిండిల్ మోటార్ వేగం మార్చే డ్రైవ్) నుంచి స్పిండిల్ మోటార్‌కు షీల్డ్ కేబులే వాడండి. షీల్డ్‌ను చివర మెలిపెట్టి తోకలా కాకుండా, క్లాంప్‌తో చుట్టూ అదిమి ఎర్త్ ప్లేట్‌కు కలపండి. కింద రంగు గీకేయడం మరవద్దు.
- ప్రతి డీసీ రిలే, సోలనాయిడ్ కాయిల్‌కు డయోడ్, ప్రతి ఏసీ కాంటాక్టర్ కాయిల్‌కు స్నబ్బర్ (ఆపినప్పుడు లేచే వోల్టేజీని మింగే ముక్క) ఉండాలి.
- 24 వోల్టుల సప్లయ్‌లో సున్నా వైపును ఎర్త్‌కు కలపండి. అప్పుడు ఏ తీగ మిషన్ ఒంటికి తగిలినా ఫ్యూజ్ పోయి తెలిసిపోతుంది.

సెన్సర్లు కొనేటప్పుడు ఒక మాట. 7ఐ76ఇ ఇన్‌పుట్‌లకు 24 వోల్టులు ఇచ్చే సెన్సర్ కావాలి, అంటే పీఎన్‌పీ రకం. పాత మిషన్ మీదివి ఎన్‌పీఎన్ (సున్నా వోల్టులకు కలిపే రకం) కావొచ్చు, కొట్లో ఏదీ చెప్పకుండా అడిగితే ఇచ్చేదీ అదే కావొచ్చు. అన్నీ బిగించాక ఒక్క ఇన్‌పుట్టూ వెలగకపోతే ముందు ఇదే చూడండి.

లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ బటన్లు నార్మల్లీ క్లోజ్డ్‌గానే (నొక్కనప్పుడు కలిసి ఉండేలా) వైర్ చేయండి. తీగ తెగినా మిషన్ ఆగాలి. ఎమర్జెన్సీ నొక్కితే సేఫ్టీ రిలే నేరుగా డ్రైవ్‌ల ఎనేబుల్‌ను, స్పిండిల్‌ను ఆపాలి. కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియాలి గానీ, ఆపే పని దాని చేతిలో పెట్టకూడదు.

మే నెలలో రేకుల షెడ్డు సంగతి తెలిసిందే. ప్యానెల్‌కు ఫిల్టర్ ఉన్న ఫ్యాన్లు కింద ఒకటి, పైన ఒకటి పెట్టండి. ఇనుప పొడి ఎగిరే చోటైతే ప్యానెల్ కూలర్ మంచిది. వేడికి తలుపు తెరిచి పెట్టి నడిపే అలవాటు డ్రైవ్‌లను చంపేస్తుంది. కరెంటు పోయొచ్చే చోట పీసీకి, కార్డుకు మాత్రం చిన్న యూపీఎస్ ఇవ్వండి.

7. మొదటి పవర్, బెల్టులు తీసి

ప్యానెల్ అయ్యాక అందరికీ టేబుల్ కదలడం చూడాలని ఆత్రం. ఆగండి. జెడ్ తల కింద దిమ్మె ఉండగానే మూడు మోటార్ల బెల్టులూ తీసి పక్కన పెట్టండి. కప్లింగ్ అయితే వదులు చేయండి.

1. ఎంసీబీలన్నీ ఆఫ్. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆన్ చేసి వోల్టేజీ చూడండి.
2. 24 వోల్టుల సప్లయ్ ఆన్.
3. పీసీ ఆన్. కార్డును పీసీకి నేరుగా ఒక ఈథర్‌నెట్ కేబుల్‌తో కలపండి. మధ్యలో రౌటర్, వైఫై ఉండకూడదు. ఒక్కో ఇన్‌పుట్‌నూ చేత్తో నొక్కి, తెర మీద మారుతోందా చూడండి.
4. లేటెన్సీ టెస్ట్ (పీసీ ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కొలిచేది) నడుస్తుండగా వీడియో పెట్టి, ఫోల్డర్లు తెరిచి మూసి పీసీని కష్టపెట్టండి. పెద్ద ఎగుళ్లు కనిపిస్తే బయాస్‌లో పవర్ సేవింగ్ సెట్టింగులు ఆపండి.
5. డ్రైవ్‌లు ఒక్కొక్కటిగా ఆన్ చేసి, ఎనేబుల్ ఇచ్చి, ఎమర్జెన్సీ నొక్కితే పడిపోతున్నాయా చూడండి.
6. అప్పుడు జాగ్ (బటన్ నొక్కి మోటార్‌ను కదపడం), అతి తక్కువ వేగంతో.

అనలాగ్ డ్రైవ్‌ల విషయంలో 6వ మెట్టుకు ముందు ఇంకో పని ఉంది. మోటార్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, ప్లస్ వైపు తిప్పితే తెర మీద అంకె పెరుగుతోందా చూడండి. తర్వాత అవుట్‌పుట్‌ను ప్లస్ మైనస్ 1 వోల్టుకు కట్టడి చేసి ఎనేబుల్ ఇవ్వండి. ఆజ్ఞ గుర్తు, ఎన్‌కోడర్ గుర్తు ఎదురైతే మోటార్ ఆగకుండా పరిగెడుతుంది. బెల్టు లేదు కాబట్టి నష్టం లేదు. ఎమర్జెన్సీ నొక్కి, అవుట్‌పుట్ గుర్తు ఒక్కటే మార్చండి. కంగారులో రెండూ మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

8. దిశ, స్కేల్, హోమింగ్

దిశల దగ్గర చాలామంది తడబడతారు. ప్లస్, మైనస్ చెప్పేది టూల్ కదలికను, టేబుల్‌ది కాదు. మీరు ముందు నిలబడి చూస్తే, ఎక్స్ ప్లస్ అంటే టేబుల్ ఎడమవైపు పోవాలి. వై ప్లస్ అంటే టేబుల్ మీవైపు రావాలి. జెడ్ ప్లస్ అంటే టూల్ పైకి. ఇది తప్పితే జాబ్ అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుంది.

స్కేల్ లెక్క కాగితం మీద చేసి, ఆపైన కొలిచి చూడండి. 100 మి.మీ. ఆజ్ఞ ఇస్తే 50 వచ్చిందంటే పుల్లీ నిష్పత్తి మరిచారన్నమాట. 99.96 వస్తే స్కేల్‌ను గీకకండి. అది స్క్రూ తేడా, 11వ అంచెలో చూద్దాం.

హోమింగ్‌లో జెడ్ ముందు పైకెళ్లాలి, తర్వాతే ఎక్స్, వై. స్విచ్ తర్వాత ఎన్‌కోడర్ ఇండెక్స్ పల్సు (చుట్టుకు ఒకసారి వచ్చేది) కూడా వాడితే హోమ్ ప్రతిసారీ ఒకేచోట పడుతుంది. కాకపోతే స్విచ్ తెగే చోటు ఇండెక్స్‌కు మరీ దగ్గరగా ఉండకూడదు. ఉంటే ఒకరోజు ఈ చుట్టు ఇండెక్స్, ఇంకోరోజు పక్క చుట్టుది దొరుకుతుంది. హోమ్ సరిగ్గా మోటార్ ఒక చుట్టు అంత తేడా వస్తే కారణం ఇదే. స్విచ్ డాగ్‌ను అర చుట్టు దూరానికి జరపండి.

9. ట్యూనింగ్

బెల్టులు ఇప్పుడు బిగించండి. ముందు డ్రైవ్, తర్వాత కంట్రోలర్.

స్టెప్ పల్సుల ఏసీ సర్వో అయితే లూప్ అంతా డ్రైవ్‌లోనే ఉంటుంది. ఆటో ట్యూన్ ఇచ్చి, గెయిన్‌ను కొంచెం కొంచెంగా పెంచండి. మోటార్ జుయ్‌మని మోగడం మొదలైతే రెండు మెట్లు దించండి. లినక్స్‌సీఎన్‌సీ వైపు 1 మిల్లీసెకను సర్వో థ్రెడ్‌కు పీ (తేడాకు తగ్గట్టు దిద్దే) విలువ 1,000, ఎఫ్ఎఫ్1 (వేగాన్ని ముందే అందించే) విలువ 1తో మొదలుపెడితే చాలావరకు చాలు. స్టెప్‌జెన్ (పల్సులు పుట్టించే భాగం) యాక్సిలరేషన్ పరిమితి యాక్సిస్ యాక్సిలరేషన్ కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ ఉండాలి, బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ వాడితే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. ఇది తెలియక ఫాలోయింగ్ ఎర్రర్ (ఆజ్ఞ ఇచ్చిన చోటుకూ అసలు చోటుకూ తేడా) అలారంతో కుస్తీ పట్టేవాళ్లు చాలామంది.

అనలాగ్ అయితే ముందు డ్రైవ్ ఆఫ్‌సెట్ తిప్పి, సున్నా వోల్టుల దగ్గర మోటార్ పాకడం ఆపండి. తర్వాత ఎఫ్ఎఫ్1ను సరిచేయండి, ఆపైన పీ పెంచండి. ఐ (మిగిలిపోయే తేడాను తీసేసే) విలువను చివరికి, కాస్తే.

లినక్స్‌సీఎన్‌సీలోని హాల్‌స్కోప్‌లో (విలువలను గీతగా చూపే తెరలో) ఫాలోయింగ్ ఎర్రర్ గీత చూస్తూ 50 మి.మీ. ముందుకూ వెనక్కీ నడపండి. దిశ మారే క్షణంలో మొన లేవడం సహజం. నడకంతా గీత వణుకుతుంటే గెయిన్ ఎక్కువైంది. ఒక చోటే ఉబ్బుతుంటే అక్కడ జిబ్ బిగుతుగా ఉంది, ట్యూనింగ్‌తో పోదు.

10. స్పిండిల్

వీఎఫ్‌డీని మోటార్ ఆంపియర్లు చూసి కొనండి, హార్స్ పవర్ ఒక్కటే చూసి కాదు. వీఎఫ్‌డీకి, మోటార్‌కు మధ్య కాంటాక్టర్ పెట్టి నడుస్తుండగా తెంచకండి. త్వరగా ఆగాలంటే బ్రేకింగ్ రెసిస్టర్ కావాలి.

రిజిడ్ ట్యాపింగ్‌కు స్పిండిల్ మీద ఇండెక్స్ ఉన్న ఎన్‌కోడర్ ఉండాలి. లినక్స్‌సీఎన్‌సీలో ఆ ఆజ్ఞ జి33.1. మొదట గాలిలో, తర్వాత అల్యూమినియంలో చేయండి. టూల్ అన్‌క్లాంప్‌కు స్పిండిల్ పూర్తిగా ఆగిందన్న సిగ్నల్ ఇంటర్‌లాక్ తప్పనిసరి.

11. కొలిచి సరిచేయడం

లేజర్ గానీ బాల్‌బార్ గానీ (మిషన్ కచ్చితత్వం కొలిచే పరికరాలు) అద్దెకు తెచ్చుకుంటే మంచిదే. లేకపోతే స్లిప్ గేజ్‌లు, డయల్ చాలు. 25 మి.మీ. చొప్పున ట్రావెల్ అంతా నడిపి, ఎప్పుడూ ఒకే దిశ నుంచి వచ్చి తేడా రాసుకోండి. తర్వాత ఎదురు దిశ నుంచి. రెండు జాబితాల మధ్య తేడా బ్యాక్‌లాష్, ఒక్కో జాబితాలో పెరుగుతూ పోయేది పిచ్ తేడా.

వేడిని తక్కువగా చూడకండి. ఉక్కు మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 300 మి.మీ. స్క్రూ 10 డిగ్రీలు వేడెక్కితే 0.035 మి.మీ. తేడా. గేజ్‌లు ముందురోజే టేబుల్ మీద పెట్టండి, మిషన్‌ను కాసేపు నడిపి వేడెక్కించాక కొలవండి.

ఎక్స్, వైల మధ్య లంబం, స్పిండిల్ ట్రామ్ (టేబుల్‌కు స్పిండిల్ నిట్టనిలువుగా ఉండటం) కూడా ఇప్పుడే చూసుకోండి. 300 మి.మీ. వ్యాసానికి 0.02 మి.మీ. మంచి లక్ష్యం.

12. లక్షణం, కారణం, మందు

స్పిండిల్ ఆన్ చేయగానే యాక్సిస్ అంకె దానంతటదే మారుతుంది: ఎన్‌కోడర్ తీగలోకి నాయిస్. షీల్డ్, ఎర్త్, డక్ట్ చూడండి. ఎన్‌కోడర్ ఒంటి తీగల రకమైతే జంట తీగల లైన్ డ్రైవర్ రకానికి మారండి.

గంటల తరబడి నడిచాక జీరో కొద్దిగా జరుగుతుంది: వేడా, పల్సులు పోవడమా తేల్చండి. మళ్లీ హోమ్ చేయండి. హోమ్ చేసినా తేడా పోకపోతే వేడి, పోతే పల్సులు లేదా జారుతున్న పుల్లీ.

గుండ్రటి పాకెట్‌లో 3, 6, 9, 12 గంటల చోట్ల మెట్టు: ప్లే, లేదా దిశ మారేటప్పుడు ఆపే రాపిడి. మళ్లీ 1వ అంచె.

మూలలు గుండ్రంగా వస్తున్నాయి: లినక్స్‌సీఎన్‌సీలో జి64 (మూలల దగ్గర ఆగకుండా నడిపే ఆజ్ఞ) ఒక్కటే ఇస్తే వేగం కోసం దారిని ఎంతైనా కోసేస్తుంది. జి64 పి0.02 అని హద్దు పెట్టండి, స్టార్టప్ కోడ్‌లో ఉంచండి, పోస్ట్ ప్రాసెసర్‌లో (ప్రోగ్రామ్‌ను మిషన్ కోడ్‌గా రాసే భాగంలో) కూడా.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటుకు పడే బ్రేకర్) ఊరికే పడిపోతోంది: వీఎఫ్‌డీ, ఫిల్టర్ల లీకేజీ కరెంటు సహజంగానే ఉంటుంది. బ్రేకర్‌ను బైపాస్ చేయకండి. ఎర్తింగ్ పక్కా చేసి, మిషన్‌కు తగిన రేటింగ్ ఏదో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో వేయించండి.

13. మొదటి జాబ్

మొదట కట్టర్ లేకుండా, జెడ్‌ను 50 మి.మీ. పైకి జరిపి ప్రోగ్రామ్ అంతా గాలిలో నడపండి. తర్వాత అల్యూమినియం దిమ్మె మీద 100 మి.మీ. వృత్తం, దాని చుట్టూ చతురస్రం, పైన 45 డిగ్రీలు తిప్పిన ఇంకో చతురస్రం చెక్కండి. మైక్రోమీటర్‌తో చూస్తే లంబం, ప్లే, స్కేల్ మూడూ ఒకే ముక్కలో బయటపడతాయి.

మిషన్‌ను ఆపరేటర్‌కు అప్పగించేముందు:

- సాఫ్ట్ లిమిట్లు (సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దులు) పని చేస్తున్నాయా, ప్రతి చివరా చూశారా
- ప్రతి ఎమర్జెన్సీ బటన్ విడివిడిగా నొక్కి చూశారా
- డ్రైవ్ పరామీటర్లు, కాన్ఫిగరేషన్ ఫోల్డర్ రెండు పెన్‌డ్రైవుల్లోకి వెళ్లాయా
- కొత్త వైరింగ్ డ్రాయింగ్ ప్యానెల్ తలుపు లోపల అంటించారా
- కొత్త ఎం కోడ్‌ల జాబితా తెలుగులో తెర పక్కన ఉందా

వారం నడిచాక బెల్ట్ బిగుతు, పుల్లీ స్క్రూలు, ప్యానెల్ టెర్మినళ్లు అన్నీ మరోసారి బిగించండి. కొత్త బెల్టు కాస్త సాగుతుంది, కొత్త రాగి తీగ లగ్గులో కాస్త నలుగుతుంది. ప్లేను మళ్లీ కొలిచి, మొదటి రోజు అంకె పక్కనే తేదీ వేసి రాయండి.